మున్సిపాలిటీ కొత్త భవనం: ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది దక్షిణ ఒడిశాలో, ఆంధ్రాకు ఆనుకుని ఉన్న ఒక పాత పట్టణం. పాత కచేరీని, అంటే ఇప్పుడు మున్సిపాలిటీ ఆఫీసున్న పాత భవనాన్ని కూల్చి, ఆ జాగాలో కోట్లు పోసి అద్దాల భవనం కట్టి, మున్సిపాలిటీ ఆఫీసును అందులోకి మారుస్తారన్న మాట బయటికి వచ్చిన దగ్గర్నుంచి టీ కొట్టు దగ్గరా, గుడి అరుగు మీదా, పెళ్లి భోజనాల్లోనూ ఇదే చర్చ. అడిగేవాళ్లు మారుతున్నారు గాని సందేహాలు మారడం లేదు. అందుకే రాసి పెడుతున్నాను. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ ఇలాంటి ప్రతిపాదన వచ్చినా చట్టాలు ఇవే కాబట్టి అక్కడివాళ్లకూ పనికొస్తుంది.

ఆ భవనం ఇప్పుడు చెబుతున్న రూపంలో వద్దు అనేదే నా అభిప్రాయం. అది దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు.

## మాట బయటికి వచ్చినప్పుడు

కొత్త ఆఫీసు కడితే ఊరికి మంచిదేగా, ఎందుకు వద్దంటున్నారు?

పాత ఆఫీసులో ఇబ్బందులు ఉన్నమాట నిజం. వానాకాలం వస్తే ఫైళ్ల మీద పట్టాలు కప్పుతారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు మెట్లు ఎక్కలేక కిందే కూర్చుంటారు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ భవనాల్లోకి అందరూ వెళ్లగలిగే ఏర్పాటు ఉండాలి. కాబట్టి ఏమీ చేయొద్దని ఎవరూ అనడం లేదు. మా అభ్యంతరం రెండు విషయాల మీద. ఆ ఇబ్బందులు తీర్చడానికి కచేరీని కూల్చాల్సిన పనేముంది? ఊరి ఆదాయానికి ఆ ఖర్చు తగినదేనా? కుళాయి నీళ్లకు బిందెలు వరుసలో పెట్టుకునే వీధులున్న ఊళ్లో రెండో ప్రశ్న అడగడం అభివృద్ధికి అడ్డం పడడం కాదు.

డబ్బు పైనుంచి వస్తుందట. మన జేబులోంచి పోదు కదా?

కట్టే ఖర్చు ఎక్కడిదో కాగితం చూడకుండా నమ్మొద్దు. ఉదాహరణకు 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ మాత్రమే వాడాలని షరతు పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు. అలాంటి డబ్బులోంచి భవనానికి తీస్తే ఆ మేరకు కాలువలు, వీధి దీపాలు ఆగుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కట్టడానికి ఒకసారి ఎవరైనా డబ్బు ఇస్తారు. నడపడానికి ఎవరూ ఇవ్వరు. లిఫ్టు, జనరేటరు, సెంట్రల్ ఏసీ, అద్దాలు తుడిచే మనుషులు, రాత్రి కాపలా, ఇవన్నీ ఏడాదేడాదీ మన హోల్డింగ్ ట్యాక్సు (ఇంటి పన్ను) లోంచి, దుకాణాల అద్దెల్లోంచి పోవాల్సిందే. అందుకే ఎస్టిమేటుతో పాటు ఏడాదికి కరెంటు బిల్లు ఎంత అవుతుందని లెక్కేశారో అడగండి. మా ఊళ్లో ఆ లెక్క వేసినట్టు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

పాత కచేరీ గోడలు పెచ్చులూడుతున్నాయి. కూల్చక ఏం చేస్తారు?

పెచ్చులూడినంత మాత్రాన గోడ చచ్చిపోయినట్టు కాదు. ఆ కాలపు కట్టడాలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. తర్వాతి రోజుల్లో మరమ్మతు పేరుతో దాని మీద సిమెంటు పూశారు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన తేమ ఇటుకను తినేస్తుంది, పైపూత పెద్ద పెద్ద పలకలుగా ఊడిపోతుంది. చూసేవాళ్లకు భవనం కూలిపోయేలా కనిపిస్తుంది. చాలాచోట్ల జబ్బు ఆ సిమెంటు పూతదే.

చిన్నప్పుడు మా నాన్నతో పన్ను కట్టడానికి వెళ్లి ఆ వరండాలో నిలబడేవాణ్ని. మండు వేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, టేకు దూలాలు, ఎదురెదురు కిటికీలు. ఏసీ లేకుండా మనుషులు పని చేసేందుకు మన ఎండ తెలిసిన మేస్త్రీలు కట్టిన ఇల్లది. అలాంటి దాన్ని కూల్చి, ఏసీ లేకపోతే కూర్చోలేని అద్దాల పెట్టె కడతామంటే నాకు మనసు ఒప్పదు.

ఇక్కడ అడగాల్సినవి ఇవి. భవనం బలాన్ని ఇంజినీర్లు పరీక్షించిన నివేదిక ఉందా? దాన్ని తయారుచేసినవాళ్లకు పాత సున్నం కట్టడాల అనుభవం ఉందా? కంటితో చూసి ‘శిథిలం’ అని రాసిన ఒక పేజీ కాగితం నివేదిక కాదు. మరమ్మతుకు ఎంత, కొత్తదానికి ఎంత అని రెండు అంచనాలు పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి.

అది పాత కట్టడమే కదా, పురావస్తు శాఖ ఆపదా?

పాతది అయినంత మాత్రాన రక్షణ రాదు. జాబితాలో ఉండాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని కట్టాలి. గంజాం జిల్లాలో జౌగడ దగ్గర అశోకుడి శాసనం అలాంటి రక్షిత స్థలం. రాష్ట్రం కాపాడే కట్టడాలకు ఒడిశా ప్రాచీన కట్టడాల సంరక్షణ చట్టం 1956 ఉంది.

మన ఊళ్లలోని కచేరీలు, సత్రాలు, జమీందారీ కాలపు ఇళ్లు చాలా వరకు ఈ రెండు జాబితాల్లోనూ ఉండవు. అప్పుడు చేయగలిగింది రెండు పనులు. రాష్ట్ర పురావస్తు శాఖకు, దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించమని ఫొటోలతో, చరిత్రతో అర్జీ పెట్టడం ఒకటి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ ఒడిశా విభాగాన్ని భవనం చూసి నమోదు చేయమని అడగడం రెండోది. ఇంటాక్ నమోదుకు చట్టబలం లేదు గాని కలెక్టరు ముందు, కోర్టు ముందు పెట్టడానికి ఒక నిపుణుల మాట దొరుకుతుంది.

ఆధునిక డిజైన్ అంటేనే మీకు గిట్టదా?

కాదు. స్పెయిన్‌లోని ముర్సియా ఊళ్లో 18వ శతాబ్దపు ముఖభాగం ఉన్న పెద్ద చర్చికి ఎదురుగానే 1998లో రఫేల్ మొనెయో అనే ఆర్కిటెక్టు పూర్తిగా ఆధునికమైన మున్సిపల్ భవనం కట్టాడు. పాత ఊళ్లో కొత్తది కట్టకూడదన్న నియమం ఎక్కడా లేదు. చుట్టుపక్కల ఎత్తుకు తగ్గట్టు ఉందా, వీధికి నీడ మిగిల్చిందా, మన వాతావరణానికి నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

మన వాతావరణం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అల్లకల్లోలం చేసింది. తుపాను రాత్రి మున్సిపాలిటీ ఆఫీసు జనానికి ఆసరాగా ఉండాలి. నిలువెల్లా అద్దాలున్న భవనం అప్పుడు ఎలా ఉంటుందో డిజైన్ గీసినవాళ్లు మనకు చెప్పాలి.

## కాగితాలు అడిగేటప్పుడు

ఏయే కాగితాలు అడగాలి?

కౌన్సిల్ తీర్మానం నకలు, దానిపై జరిగిన చర్చ మినిట్స్. డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక. ఎస్టిమేటు, టెక్నికల్ శాంక్షన్ (ఇంజినీర్ల ఆమోదం), పరిపాలనా ఆమోదం. డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో చూపే ఉత్తర్వు. పాత భవనం బలం మీద నివేదిక. స్థలం హక్కు పత్రం. ఆర్కిటెక్టును ఎలా ఎంపిక చేశారో చూపే ఫైలు. ఏడాది నిర్వహణ ఖర్చు అంచనా.

‘భవనానికి సంబంధించిన మొత్తం సమాచారం’ అని మాత్రం రాయకండి. అలా రాస్తే ఏదో ఒక కాగితం ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఒక్కో కాగితాన్ని ఒక్కో నంబరు వేసి అడగండి.

ఆర్టీఐ దరఖాస్తు తెలుగులో పెట్టొచ్చా?

పెట్టలేం. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6 ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. ఇక్కడ అధికార భాష ఒడియా. నేను మొదటిసారి తెలుగులో రాసి ఇస్తే తిరిగి వచ్చింది. నెల రోజులు పోయాయి. ఆ తర్వాత మా వీధిలోని ఒడియా టీచరు గారు కూర్చుని పావుగంటలో రాసిచ్చారు.

రాయడం రానివాళ్లు నోటితో చెబితే దాన్ని రాతలో పెట్టడానికి సమాచార అధికారి సాయం చేయాలని అదే సెక్షన్ చెబుతోంది. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపుగా అంటించొచ్చు. గుర్తింపు కార్డు నకలు జత చేయమంటారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన అవసరం లేదు. ‘మీకెందుకు ఇవన్నీ?’ అంటే నవ్వి ఊరుకోండి.

ఎన్నాళ్లలో జవాబు రావాలి? రాకపోతే?

30 రోజుల్లో రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా, మరో 30 రోజుల్లో అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో భువనేశ్వర్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దాకా వెళ్తే చాలా కాలం పడుతుంది. అందుకే మాట బయటికి వచ్చిన వారంలోనే మొదటి దరఖాస్తు వేయమని నేను అందరి వెంటా పడుతున్నాను.

‘ఇంకా పరిశీలనలోనే ఉంది, ఏమీ చెప్పలేం’ అంటున్నారు. నిజమేనా?

జనం మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడూ నిర్ణయాలు ప్రకటించేటప్పుడూ వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ఆఫీసు తనంతట తానే వెల్లడించాలని అదే చట్టంలోని సెక్షన్ 4 అంటోంది. కాబట్టి పరిశీలనలో ఉండడం ఒక్కటే కారణంగా చూపి కాదనలేరు. కాగితాలు చేతికి ఇవ్వడం ఆలస్యమైతే ఫైలును స్వయంగా చూసే హక్కు వాడుకోండి. ఇద్దరు కలిసి వెళ్లి, పేజీ నంబర్లు రాసుకుని, కావలసిన పేజీలకు మాత్రం నకళ్లు అడగండి.

కచేరీ ఎప్పుడు కట్టారో ఎవరికీ గుర్తులేదు. చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ కాలపు ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఆ తర్వాతివాటి కోసం భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. చెన్నైలో చుట్టాలున్నవాళ్లు ఈ పని చేసిపెడితే ఎంతో మేలు.

ఇంట్లో పెట్టెలు కూడా తెరవండి. పాత పన్ను రసీదులు, రిజిస్ట్రేషన్ కాగితాల్లో హద్దులు రాసేటప్పుడు ‘తూర్పున కచేరీ’ అని రాసి ఉంటుంది. ఆ తేదీ నాటికి భవనం అక్కడ ఉన్నట్టు అదొక సాక్ష్యం. గోడలో ఎక్కడైనా శిలాఫలకమో, దూలం మీద చెక్కిన సంవత్సరమో కనిపిస్తే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి.

## అభ్యంతరం చెప్పేటప్పుడు

మనం ఇక్కడ తెలుగువాళ్లం. వద్దంటే భాష గొడవ అనుకోరా?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. అది నాకు బాధగా ఉంటుంది. నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పన్ను కట్టి, ఇక్కడి రేషను తిని బతుకుతున్నవాళ్లం ఊరి గురించి మాట్లాడడానికి ఎందుకు జంకాలి?

కాని భయం ఊరికే పుట్టలేదు. రాష్ట్రాల విభజన నాటి మాటలు ఇంకా కొందరి నోళ్లలో ఉన్నాయి. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసిందని అక్కడినుంచి వెళ్లిపోయారు. ఆ గాయం మన ఇళ్లలో కథలుగా మిగిలింది. కాబట్టి జాగ్రత్త పడాల్సిందే. జాగ్రత్త అంటే నోరు మూసుకోవడం అని మాత్రం అనుకోవద్దు.

మేం చేసింది చెబుతాను. సంతకాల కాగితాన్ని మొదట మా తెలుగు వీధుల్లో తిప్పలేదు. ఒడియా సాహిలో (ఒడియావాళ్ల వీధిలో) ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన తండ్రి ఆ కచేరీలోనే గుమాస్తాగా చేశారట. మేం చెప్పకముందే ఆయనే మొదలుపెట్టారు. మొదటి సంతకం ఆయనది, రెండోది మా పక్కింటి అత్తయ్యది. కరపత్రం ఒక వైపు ఒడియాలో, రెండో వైపు తెలుగులో వేశాం. భవనం గురించి తప్ప ఇంకే విషయమూ అందులో రాయలేదు. బోర్డుల మీద తెలుగు ఉండాలి, బడిలో తెలుగు టీచరు కావాలి అన్న కోరికలు న్యాయమైనవే. అయినా వాటిని ఈ అర్జీలో కలిపితే రెండూ చెడతాయి. వాటికి వేరే అర్జీ పెట్టాలి.

అర్జీ తెలుగులో ఇస్తే తీసుకుంటారా?

తీసుకోవాలి. ఆర్టీఐ దరఖాస్తుకు ఉన్న భాష షరతు మామూలు అర్జీకి లేదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, కష్టం చెప్పుకునే అర్జీని దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉంది. జవాబు తెలుగులోనే ఇవ్వాలని మాత్రం అందులో లేదు. తెలుగు అర్జీకి ఒడియా నకలు జత చేస్తే పని త్వరగా కదులుతుంది. చదివేది ఒక మనిషే కదా, ఆయనకు అర్థం కావాలి.

రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తేదీతో ఆఫీసు సీలు వేయించుకోండి. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

కౌన్సిలర్‌ని పట్టుకోవాలా, చైర్‌పర్సన్‌నా, కలెక్టర్‌నా?

ముగ్గురినీ. కాని వరుస ముఖ్యం. తీర్మానం మీద చేయి ఎత్తేది కౌన్సిలర్లు కాబట్టి ముందు మీ వార్డు కౌన్సిలర్. ఒడిశాలో 2022 ఎన్నికల నుంచి చైర్‌పర్సన్‌ను, మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు. ఆ ఓటు గుర్తుచేసి మాట్లాడొచ్చు. ఫైలు నడిపేది ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు. ఆ తర్వాత సోమవారం జరిగే జిల్లా గ్రీవెన్స్‌లో కలెక్టరుకు ఇవ్వండి. ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ‘జన శుణాణి’లో కూడా నమోదు చేస్తే నంబరు వస్తుంది. బరంపురం లాంటి 3 లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణ చెబుతోంది. అక్కడివాళ్లు వార్డు కమిటీ పెట్టమని, అందులో ఈ విషయం చర్చించమని అడగొచ్చు.

మా కూరగాయల బజారు ఆ జాగా ముందే. మమ్మల్ని లేపేస్తారా?

ఊరికే లేపలేరు. వీధి వ్యాపారుల చట్టం 2014 ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. ఆ తర్వాత మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. 50 ఏళ్లకు పైగా నడుస్తున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను వేరేచోటికి మార్చకూడదని ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. ఈ మాట మా బజారులో బెండకాయలు అమ్మే మామ్మకు చెబితే ‘నా పెళ్లైన ఏడాది నుంచి ఇక్కడే కూర్చుంటున్నాను నాయనా’ అంది. అలాంటివాళ్ల మాటలు పేరుతో, వేలిముద్రతో రాయించి పెట్టుకోండి. పాత ఫొటోలు, తైబజారు (బజారు రుసుము) రసీదులు ఉంటే ఇంకా బలం.

ధర్నా చేస్తే కేసులు పెడతారా? టెన్షన్‌గా ఉంది.

శాంతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. ముందుగా పోలీసులకు రాతపూర్వకంగా తెలపండి. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 163 కింద, అంటే పాత 144 కింద, ఉత్తర్వు అమల్లో ఉందేమో కనుక్కోండి. రోడ్డు ఆపొద్దు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ధర్నాకు రాకపోతే తప్పు పట్టకండి, వాళ్లు ఇంట్లో కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టినా చాలు.

## టెండరు పిలిచాక

కోర్టుకు వెళ్తే గెలుస్తామా?

రెండు ఉదాహరణలు చూడండి. హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని తెలంగాణ మంత్రివర్గం 2019లో నిర్ణయించింది. వారసత్వ కట్టడాల రక్షణకు ఉన్న నిబంధనలను పట్టించుకోలేదని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఢిల్లీలో సెంట్రల్ విస్టా (కొత్త పార్లమెంటు భవనం) కేసు వేరేలా ముగిసింది. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు పనికి అనుమతించింది, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు. ప్రజల అభిప్రాయం సరిగ్గా తీసుకోలేదని జస్టిస్ సంజీవ్ ఖన్నా విడిగా రాశారు.

వీటిని బట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, భవనం అందంగా ఉందా, ఖర్చు ఎక్కువా అన్నది కోర్టు సాధారణంగా తేల్చదు. ఏ నిబంధన తప్పారు, ఏ అనుమతి తీసుకోలేదు అన్నది చూపించగలగాలి. కటక్‌లోని ఒరిస్సా హైకోర్టుకు ఆలస్యంగా వెళ్తే ‘ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అనే అడుగుతారు. అప్పుడు మీ సీలు వేసిన అర్జీలు, ఆర్టీఐ జవాబులే మాట్లాడతాయి.

లాయరు ఫీజు ఎక్కణ్నుంచి తేవాలి?

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 అది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. హైకోర్టు కేసులకు కటక్‌లో హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంది. చందా ఎత్తితే మాత్రం ప్రతి రూపాయికీ రసీదు ఇచ్చి, లెక్క గుడి గోడకు అంటించండి.

పని మొదలైపోయింది. ఇంకేం లాభం?

కూల్చడం మొదలవకపోతే ఇంకా చాలా ఉంది. డిజైన్ మార్చమని, కచేరీని ముందు భాగంగా ఉంచి వెనక కొత్త గదులు కట్టమని అడగొచ్చు. చైర్‌పర్సన్‌కు కూడా పరువు దక్కే దారి అది.

కూల్చేశారనుకోండి, కనీసం టేకు దూలాలు, తలుపులు, శిలాఫలకాలు ఎవరి ఆధీనంలోకి వెళ్లాయో, ఎంతకు వేలం వేశారో జాబితా అడగండి. కొత్తదానిలో వాడుతున్న సిమెంటు, ఇనుము నమూనాలను ధ్రువీకరించి ఇవ్వమనే హక్కు కూడా సమాచార చట్టంలోనే ఉంది. పని అయ్యాక ఖర్చును లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్లు పరిశీలిస్తారు. ఆ నివేదిక నకలు కూడా అడగొచ్చు. అవకతవకలకు ఆధారం దొరికితే ఒడిశా లోకాయుక్తకు ఫిర్యాదు చేయొచ్చు.

మా ఊళ్లో ఇంకా కూల్చలేదు. వచ్చే కౌన్సిల్ సమావేశం ముందు రోజు సాయంత్రం కచేరీ వరండాలో కలుస్తున్నాం. పాత పన్ను రసీదులు ఉన్నవాళ్లు నకళ్లు తీసుకురండి, అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి.